విరగని బిస్కెట్

“నేను పెట్టలేదు.”

అత్తగారు ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి కోపంగా అంది. రెండోసారి ఏడుపు గొంతుతో అంది. ఈసారి మాత్రం టైమెంతయిందో చెప్పినంత మామూలుగా అంది. కోడలికి ఒళ్ళు మండింది అందుకే.

“మీరు పెట్టకపోతే ఎవరు పెట్టారు? గోడలు పెట్టాయా?”

టేబుల్ మధ్యలో స్టీలు పళ్ళెం. పళ్ళెంలో వేలెడు పొడవున్న తెల్లటి స్ట్రిప్. దాని మీద రెండు ఎర్ర గీతలు.

ఒక గీతంటే ఏమీ లేనట్టు. రెండు గీతలంటే పిల్ల ఒంట్లోకి గోధుమ వెళ్ళినట్టు. ఎప్పుడో పోయిన నెలలో కాదు, నిన్నా మొన్నట్లో.

పదకొండేళ్ళ క్రితం ఇదే ఇంట్లో, ఇలాంటి స్ట్రిప్ మీదే రెండు గీతలు చూసి మొగుడూ పెళ్ళాం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నారు. ఆ గీతల తాలూకు మనిషి ఇప్పుడు పక్క గదిలో దుప్పటి కింద ముడుచుకుని పడుకుని ఉంది. పదేళ్ళ పిల్ల. పందొమ్మిది కిలోలు. పుట్టినప్పుడు ముద్దుగా పిచ్చుక అని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడా పేరు పెట్టి పిలవాలంటే తల్లికి నోరు రావడం లేదు.

“చదువుకున్నదానివి,” అంది అత్తగారు. “ఆ కాగితం ముక్క చెప్పింది నమ్ముతావు. పదేళ్ళు నీ పిల్లని ఎత్తుకు తిరిగిన మనిషి చెప్పేది నమ్మవు.”

“కాగితం ముక్కకి అబద్ధం చెప్పడం రాదత్తయ్యా.”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అత్తగారు కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుంది.

ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డ భర్త గొంతు సవరించుకున్నాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. పాతికంతస్తుల మేడలో తీగ మీద వేలాడుతూ పని చేస్తాడు కానీ, తల్లికీ పెళ్ళానికీ మధ్య నిలబడాలంటే మాత్రం కాళ్ళు వణుకుతాయి.

“ఇద్దరూ కాస్త ఆగండి,” అన్నాడు.

“మీరు ఆగే ఉన్నారుగా! రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులాగా. పైకీ రారు, కిందికీ దిగరు.”

అతను మళ్ళీ ఫ్రిజ్‌కి ఆనుకున్నాడు.

ఆదివారం, ఉదయం పదిన్నర. రేపు తొమ్మిదింటికి పిచ్చుకని ఆస్పత్రిలో చేర్చాలి.

పిల్లకి సీలియాక్ జబ్బు ఉందని తేలి రెండేళ్ళయింది. గోధుమలో ఉండే జిగురు, గ్లూటెన్, కడుపులోకి వెళితే చాలు, ఒంటిని కాపాడాల్సిన శక్తే పేగు మీద తిరగబడి లోపలి పొరని కొరికేస్తుంది. పొర పాడైపోతే తిన్న తిండి ఒంటికి పట్టదు. మందు లేదు. గోధుమ ముట్టుకోకపోవడం ఒక్కటే మార్గం. రెండేళ్ళుగా ఈ ఇంట్లోకి బ్రెడ్డు ముక్క రాలేదు. మొదటి ఏడాదిన్నరలో పిల్ల ఐదు కిలోలు పెరిగింది. బడిలో పరుగు పందెంలో రెండో స్థానం కూడా వచ్చింది.

మూడు నెలల క్రితం మళ్ళీ మొదలైంది. కడుపునొప్పి. విరేచనాలు. పెరిగిన ఐదు కిలోల్లో నాలుగు కరిగిపోయాయి.

“రెండే దారులు,” అన్నాడు పెద్ద డాక్టరు, శుక్రవారం తన గదిలో. “ఎవరో తెలిసో తెలియకో దీనికి గోధుమ పెడుతూ ఉండాలి. లేదా జబ్బు పథ్యానికి లొంగని రకంగా మారి ఉండాలి. రెండోదే అయితే సోమవారం ఇంజెక్షన్ మొదలుపెడతాను. ఒంట్లో రోగాలతో పోరాడే శక్తినే అణిచేసే మందమ్మా అది. ఆ తర్వాత మామూలు జలుబు వచ్చినా మనం హడలిపోవాల్సిందే. పిల్లలకి ఇవ్వాలంటే నాకూ చెయ్యి రాదు.”

“ఎవరైనా పెడుతున్నారని తేలితే?”

“అప్పుడు ఆ సూది అవసరమే లేదు. కానీ ఉత్త అనుమానం మీద ఆపను. ఎవరు పెట్టారో, ఏం పెట్టారో కనుక్కుని చెప్పు. ఆదివారం సాయంత్రం ఆరింటిదాకా చూస్తాను.”

ఆ పెద్ద డాక్టరే కోడలు పనిచేసే పేగు జబ్బుల పరిశోధన కేంద్రానికి అధిపతి. అక్కడి వంటగది ఆమెది. ఈ స్ట్రిప్పులు కూడా అక్కడివే. పరిశోధనకి తప్ప బయట ఎవరికీ వాడకూడదు. టిఫిను డబ్బా మూతలో దాచి మూడు తెచ్చింది. ఒకటి ఈ పొద్దున పిల్ల మూత్రంతో అయిపోయింది. మిగిలినవి రెండు.

“పోయిన బుధవారం నేను పెందలాడే వచ్చాను,” అంది కోడలు. “గది తలుపు ఓరగా వేసి ఉంది. మీ రేకు డబ్బాలోంచి దాని నోట్లో ఏదో పెడుతున్నారు. నన్ను చూడగానే మూత పెట్టేశారు. దొంగతనం కాకపోతే ఆ కంగారెందుకు?”

“నువ్వు కొలిచి పెట్టింది తప్ప ఇంకేదీ పెట్టొద్దన్నావుగా. అందుకు కంగారు.”

“అంటే పెట్టారు!”

“పల్లీలు పెట్టాను.”

“బ్రెడ్డు పెట్టలేదూ? ‘ఇంత ముక్క తింటే ప్రాణం పోతుందా’ అని మొన్న మీరు మీ అమ్మాయితో ఫోన్లో అనలేదూ?”

అత్తగారు కొంగు చివర వేలికి చుట్టుకుంది. ఆ మాట అన్నది నిజమే. అంది మరి.

కుళాయి చుక్కలు సింకులో గిన్నె మీద పడుతున్నాయి. పక్క గదిలో మంచం కిర్రుమంది. పిల్ల వింటోంది.

“అమ్మాయ్,” అంది చివరికి అత్తగారు, మెల్లగా. “నాకొక్కటి చెప్పు. ఎవరో ఒకరు పెట్టారని తేలితే, నిజంగా ఆపేస్తారా ఆ సూది?”

“ఆపేస్తారు! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?”

“పెట్టినవాళ్ళు ఒప్పుకుంటే చాలా?”

“చాలు. ఒప్పుకోండి చాలు. నేనేమీ అనను. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

అత్తగారు తల ఊపింది. లేచి తన గదిలోకి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో చేతిసంచీతో బయటికొచ్చింది.

“అమ్మా, ఎక్కడికి?” భర్త కదిలాడు.

“మీ చెల్లి దగ్గరికి.”

“బండి మీద దింపుతా ఉండు.”

“బస్సుంది. నువ్వు దాని దగ్గరుండు.”

“నానమ్మా!” లోపలినుంచి సన్నని గొంతు.

అత్తగారు ఆ గది వైపు చూడలేదు. చూస్తే వెళ్ళలేకపోయేది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. చెప్పులేసుకుని, ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ వరండా చివరిదాకా వెళ్ళింది. ఆ చెప్పుల చప్పుడు లిఫ్టు తలుపు మూసుకునేదాకా వినపడింది.

---

నానమ్మ కోసం ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టేసరికి గంట పట్టింది. రేకు డబ్బా అత్తగారి మంచం కింద ఉంది. కోడలు దాన్ని తెచ్చి టేబుల్ మీద పెట్టింది, కోర్టులో సాక్ష్యం పెట్టినట్టు.

“అమ్మ వెళ్ళిపోయింది కదా, ఇంకెందుకు?” అన్నాడు భర్త.

“ఏం పెట్టారో కూడా చెప్పాలన్నారు డాక్టరు గారు.”

మూత తీసింది. వేయించిన పల్లీలు. ఎండు ద్రాక్ష. చేత్తో కలియబెట్టింది. బ్రెడ్డు పొడి లేదు. బిస్కెట్ తునక లేదు. అడుగున మడత పెట్టిన కాగితం ఒకటి తగిలింది. దాన్ని పక్కన పెట్టి, డబ్బా అడుగున ఉన్న పొట్టు కూడా గీకి, కేంద్రంలో చేసినట్టే చిన్న సీసాలోని మందునీళ్ళలో కలిపింది. బాగా ఊపింది. రెండో స్ట్రిప్ ముంచి పళ్ళెంలో పెట్టింది.

పావుగంట ఆగాలి.

ఆ పావుగంటలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఒక గీత వచ్చింది. ఎర్రగా, స్పష్టంగా. రెండో గీత కోసం కోడలు స్ట్రిప్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

ఒక్కటే గీత.

“కాగితం ముక్కకి అబద్ధం చెప్పడం రాదన్నావు,” అన్నాడు భర్త.

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మడత కాగితం విప్పింది. పెన్సిలుతో వంకర టింకర అక్షరాలు. అత్తగారి రాత. పిల్ల తిన్నదంతా రోజువారీ రాసిపెట్టింది. ‘సోమవారం అన్నం అరకప్పు, పల్లీలు పన్నెండు, నవ్వింది.’ ‘మంగళవారం పల్లీలు తొమ్మిది, బడికి వెళ్ళలేదు.’ ‘శుక్రవారం అమ్మ బిస్కెట్లు రెండు, రాత్రి నొప్పి.’ రెండు నెలల కాగితం. ఎక్కడా బ్రెడ్డు లేదు.

“ఫోన్ చెయ్యండి,” అంది కోడలు. “అత్తయ్యకి ఫోన్ చెయ్యండి.”

అతను చేస్తే ఫోన్ ఆవిడ గదిలోనే మోగింది. తన చెల్లెలికి చేశాడు. రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు. “ఇంకా రాలేదట.”

“గంటన్నర అయింది! బస్సులో అరగంట దారి!”

“ఆ సంగతి నాకు తెలీదా?” మొదటిసారి అతని గొంతు పెరిగింది. “వెళ్ళగొట్టింది నువ్వు. లెక్క నన్నడుగుతావేం?”

అంతలో గది గుమ్మంలో పిచ్చుక కనిపించింది. దుప్పటి భుజాల మీద కప్పుకుని, గోడ పట్టుకుని నిలబడింది. మోకాళ్ళు పెద్దవిగా, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి.

“ఆకలేస్తోందమ్మా.”

ఆ ఒక్క మాట చాలు ఆ ఇంట్లో యుద్ధం ఆగిపోవడానికి. వారం రోజులుగా పిల్ల ఆ మాట అనలేదు.

“ఏం పెట్టనమ్మా? అన్నం?”

“బిస్కెట్.”

కోడలు అలమరలోంచి గాజు సీసా తీసింది. కేంద్రం నుంచి తను తెచ్చే బిస్కెట్లు. గోధుమ లేనివి. ఊరంతా గాలించినా పిల్ల తినగలిగిన బిస్కెట్లు అవి ఒక్కటే. ఒక సగం ముక్క తీసి ఇచ్చింది.

“ఇదివరకు ఇవి నోట్లో పెట్టుకునేలోపే పొడి పొడి అయిపోయేవి కదమ్మా,” అంది పిచ్చుక. “ఇప్పుడు బాగుంటున్నాయి. కొరికితే టప్పుమంటాయి.”

పిల్ల నోరు తెరిచింది.

కోడలు ఆ ముక్కని ఆమె చేతిలోంచి లాగేసుకుంది. ఎంత విసురుగా లాగిందంటే, పిల్ల గోడకి తూలిపడబోయింది.

“ఏమైందే నీకు?” భర్త కేకేశాడు.

కోడలికి వినపడలేదు. చేతిలో ముక్కని చూస్తోంది. దాని అంచు చూస్తోంది. రాలని, పొడికాని, గట్టి అంచు.

---

కేంద్రంలో ఒక కొత్త మాత్రని పరీక్షిస్తున్నారు. గోధుమ తిన్నా పేగుకి ఏమీ కాకుండా కాపాడే మాత్ర. నలభైమంది సీలియాక్ రోగులు తమంతట తాము ముందుకొచ్చారు. అందరికీ రోజూ ఒక మాత్ర, రెండు బిస్కెట్లు. సగంమంది తినే బిస్కెట్లలో గ్లూటెన్ ఉంటుంది. మిగతా సగంమంది తినేవాటిలో ఉండదు. ఎవరు ఏది తింటున్నారో తినేవాళ్ళకీ తెలియదు, పరీక్షించే డాక్టర్లకీ తెలియదు.

తెలిసింది వాటిని చేసే కోడలికి ఒక్కదానికే. సోమవారం గ్లూటెన్ ఉన్నవి, గురువారం లేనివి. రెండిటికీ బియ్యప్పిండి ఒకటే, చక్కెర ఒకటే. తేడా అంతా తెల్ల డ్రమ్ములోంచి తీసి వేసే పొడిలోనే. ఎర్ర చీటీ డ్రమ్ములో గ్లూటెన్. నీలం చీటీ డ్రమ్ములో బియ్యం నుంచి తీసిన పొడి. రెండూ తెల్లగా, వాసన లేకుండా ఒకేలా ఉంటాయి. అలా ఉండాలనే కష్టపడి తెప్పించారు.

విరిగిన బిస్కెట్‌ని రోగికి ఇవ్వకూడదన్నది వంటగది నియమం. చెత్తబుట్టలో వెయ్యాలి. గురువారం బిస్కెట్లు ట్రేలోంచి తీస్తుంటేనే విరిగేవి. పిండిని పట్టి ఉంచే జిగురు లేదు కదా మరి. చెత్తలో పడేసే ముక్కలు పిచ్చుకకి తెస్తే తప్పేముంది? ఏడాదిన్నర తెచ్చింది. పిల్ల ఐదు కిలోలు పెరిగింది.

మూడు నెలల క్రితం పాత డ్రమ్ములు అయిపోయి కొత్తవి వచ్చాయి. పాత జట్టు రోగులు వెళ్ళి ఈ నలభైమంది చేరిందీ అప్పుడే.

అప్పటినుంచి గురువారం బిస్కెట్లు విరగడం మానేశాయి. సోమవారంవి ట్రేలోనే పొడి కావడం మొదలైంది. పొయ్యి వేడిలో తేడా అనుకుంది. గురువారం పిండి చేతికి సాగుతుంటే, కొత్త సరుకు బాగుంది అనుకుంది. ఇన్నేళ్ళకి చెయ్యి తిరిగిందని మురిసిపోయింది కూడా.

కానీ సాయంత్రం గుమ్మంలో పిల్ల ఎదురుచూస్తుంటుంది. విరిగిన ముక్కలు లేవు. విరగనిది బయటికి తేకూడదు.

అందుకని వారం వారం, ఎవరూ చూడకుండా, ఎనిమిదో పదో బిస్కెట్లు తనే తన చేత్తో విరిచి తెచ్చింది.

టప్. టప్. టప్.

పెన్సిలు కాగితం మళ్ళీ లాక్కుని చూసింది. ‘అమ్మ బిస్కెట్లు రెండు, రాత్రి నొప్పి.’ ‘అమ్మ బిస్కెట్ ఒకటి, విరేచనాలు.’ ‘అమ్మ బిస్కెట్లు అయిపోయాయి, రెండు రోజులు బాగుంది.’ వరసగా ఉంది. అత్తగారికి కనపడే ఉంటుంది. కానీ పేగు జబ్బుల కేంద్రంలో పనిచేసే కోడలికి, నీ బిస్కెట్లే పిల్లకి పడటం లేదని చెప్పే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది ఆవిడకి? చెప్పినా ఎవరు వినేవారు?

మూడో స్ట్రిప్ తీసింది. ఆఖరిది. బిస్కెట్ ముక్క నలిపి సీసాలో వేసింది. తొందరలో సగం పొడి టేబుల్ మీద పడింది.

ఈసారి పావుగంట ఆగక్కర్లేకపోయింది. రెండు నిమిషాల్లోనే రెండో గీత వచ్చేసింది. మొదటి గీతకంటే చిక్కగా.

---

భర్త చాలాసేపు ఆ గీతల వైపే చూశాడు. తర్వాత ఊపిరి గట్టిగా వదిలి కుర్చీలో కూలబడ్డాడు.

“అయితే దానికి వేరే జబ్బేమీ లేదు. సూది అక్కర్లేదు. అంతేగా?”

“అంతే.”

“మరి ఏడుస్తావెందుకు?”

“బస్ కండక్టరు గుర్తున్నాడా మీకు? నేను చెప్పాను.”

గుర్తుంది. పోయిన వారం పరిశోధన గుట్టు విప్పారు. ఎవరు ఏం తిన్నారో బయటపెట్టారు. గోధుమ బిస్కెట్లు తిన్నవాళ్ళు శుభ్రంగా ఉన్నారు. మాత్ర పనిచేసిందని పెద్ద డాక్టరు వరండాలో అందరినీ కౌగిలించుకున్నాడు. గోధుమ లేని బిస్కెట్లు తిన్నవాళ్ళలో ఆరుగురు జబ్బుపడ్డారు. వాళ్ళ స్ట్రిప్పుల మీద రెండు గీతలు. “ఇళ్ళల్లో దొంగచాటుగా బ్రెడ్డు తింటున్నారు,” అని తేల్చేశాడు పెద్ద డాక్టరు. “ఫోన్లు చేసి గడ్డి పెట్టండి. పేర్లు కొట్టేయండి.”

కండక్టరుకి ఫోన్ చేసింది కోడలే. అప్పటికి అతను ఇరవై రోజులుగా డ్యూటీకి వెళ్ళలేక ఇంట్లో పడి ఉన్నాడు.

“మేడమ్, మా అమ్మ మీద ఒట్టు. మెతుకంత కూడా ముట్టుకోలేదు మేడమ్.”

“స్ట్రిప్‌కి అబద్ధం చెప్పడం రాదండీ,” అంది ఆమె.

ఇవాళ అత్తగారితో అన్న మాటే.

“డ్రమ్ముల మీద చీటీలు తారుమారయ్యాయి,” అంది కోడలు. “గోధుమ తిన్నారనుకున్నవాళ్ళు తినలేదు. తినలేదనుకున్నవాళ్ళు మూడు నెలలుగా తింటున్నారు. మాత్ర వేసుకుంటూనే జబ్బుపడ్డారు. అది పనిచెయ్యలేదు. రేపు పదకొండింటికి పనిచేసిందని ప్రకటిస్తారు. అది నమ్మి లోకంలో పిచ్చుకలాంటి పిల్లలందరికీ బ్రెడ్డు పెడతారు.”

భర్త లేచి వంటింటి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

“నా మాట విను. నువ్వు ఆ బిస్కెట్లు తెచ్చావని తెలిస్తే ఉద్యోగం పోతుంది. పోతే పోయింది అనుకుందాం. తప్పంతా నీ నెత్తినే రుద్దితే? వంటగది నీది. డ్రమ్ములు నువ్వే ముట్టుకున్నావు. పోలీసులొస్తే?”

“అయితే ఏం చెయ్యమంటారు?”

“డాక్టరుకి ఫోన్ చేసి, బడిలో పక్కపిల్ల డబ్బాలోంచి తిన్నదని చెప్పు. సూది ఆగిపోతుంది. రేపటి సంగతి రేపు.”

“పిల్ల మీద వెయ్యమంటారా?”

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పెద్ద డాక్టరు.

“ఏమ్మా, దొంగ దొరికింది!” ఆయన గొంతులో హుషారు పొంగుతోంది. “మీ అత్తగారే స్వయంగా వార్డుకొచ్చారు. రోజూ మధ్యాహ్నం పాలల్లో బ్రెడ్డు ముంచి పెట్టానని ఒప్పుకున్నారు. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టారు. రేపు మీరు రానక్కర్లేదు, సూది రద్దు చేశాను. పిల్ల గండం గట్టెక్కింది పో!”

కోడలు ఫోన్‌ని రెండో చెవికి మార్చుకుంది.

“వింటున్నావా? ఆవిడ్ని మాత్రం కొన్నాళ్ళు పిల్లకి దూరంగా ఉంచు. అన్నట్టు, రేపు మీటింగులో ముందు వరసలో కూర్చోవాలి నువ్వు. బిస్కెట్లు చేసిన చెయ్యి నీదేగా!”

ఈ పొద్దున ఆమె ఏ మాట కోసం అత్తగారి కాళ్ళు పట్టుకుంటానందో ఆ మాట దొరికేసింది. పిల్లకి సూది లేదు. ఉద్యోగం ఎక్కడికీ పోదు. ‘థాంక్యూ సార్’ అని ఫోన్ పెట్టేస్తే చాలు.

భర్త కళ్ళతో బతిమాలుతున్నాడు.

వంటింటి తలుపు మెల్లగా తెరుచుకుంది. దుప్పటి నేల మీద ఈడ్చుకుంటూ పిచ్చుక వచ్చి నిలబడింది.

“నానమ్మ నాకెప్పుడూ బ్రెడ్డు పెట్టలేదమ్మా. పల్లీలే పెట్టింది. వాళ్ళకి చెప్పు.”

కోడలు కళ్ళు మూసుకుంది.

“సార్,” అంది. “మా అత్తగారు అబద్ధం చెప్పారు. పిల్లకి పెట్టింది నేను. గురువారం బిస్కెట్లు నేను ఇంటికి తెస్తున్నాను. వాటిలో గ్లూటెన్ ఉంది సార్. ఇప్పుడే స్ట్రిప్‌తో చూశాను.”

అవతల ఎక్కడో ట్రాలీ చక్రాలు దొర్లుతున్న చప్పుడు. తలుపు మూసిన చప్పుడు. ఆ తర్వాత ఆయన గొంతు వచ్చింది. హుషారు లేదు. కోపమూ లేదు.

“కొత్త డ్రమ్ములు వచ్చాకేనా తెచ్చింది, అంతకు ముందునుంచా?”

కోడలు ఫోన్‌ని చెవి నుంచి తీసి ఒకసారి చూసింది.

డ్రమ్ముల మాట తను ఎత్తలేదు.

“సార్... మీకు...”

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు సార్.”

“మంచిది. చెప్పకు. స్ట్రిప్పులు, ఇంట్లో ఉన్న బిస్కెట్లు, ముక్కలతో సహా అన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచు. నేనే వస్తున్నాను. పావుగంట.”

“మా అత్తగారు సార్?”

“ఇక్కడే ఉన్నారు. నా కారులో తీసుకొస్తాను.”

దూరంగా ఫోన్లో ముసలి గొంతు వినపడింది. “అమ్మాయ్! నువ్వేమీ మాట్లాడకు. ఆపేశారుగా. ఇంకేమీ మాట్లాడకు—”

ఫోన్ తెగిపోయింది.

“ఆయనకి ముందే తెలుసు,” అంది కోడలు.

“ఏం తెలుసు?”

“డ్రమ్ముల చీటీల సంగతి,” అంది ఆమె. సీసాలోంచి ఒక సగం ముక్క తీసింది. రెండు చేతులతో విరిచింది. టప్. ఒక తునకని సీసాలోని మిగతా ముక్కలతో కలిపి కవర్లో వేసింది. ఇంకో తునకని, మూడో స్ట్రిప్‌ని అత్తగారి పెన్సిలు కాగితంలో చుట్టి భర్త చేతిలో పెట్టింది. కవర్లో మూడో స్ట్రిప్ బదులు పొద్దుటి స్ట్రిప్ వేసింది. దాని మీదా రెండు గీతలే. చూసేవాడికి తేడా తెలియదు.

“ఇది మీ పనిముట్ల సంచీలో అడుగున పెట్టుకోండి. కండక్టరు ఇంటికి వెళ్ళండి. చిరునామా నా ఫోన్లో ఉంది. లిఫ్టులో వద్దు, మెట్ల మీదుగా వెళ్ళండి.”

“వెళ్ళి ఏం చెప్పాలి?”

“అబద్ధం చెప్పింది మీరు కాదు, మేమేనని చెప్పండి. ఆయన దగ్గర మిగిలిన ప్యాకెట్లు ఉంటాయి, పారేయొద్దని చెప్పండి.”

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. పెళ్ళాన్ని చూశాడు. గుమ్మంలో పిల్లని చూశాడు. సంచీ భుజాన వేసుకున్నాడు.

“ఇరుక్కున్న లిఫ్టు కదిలిందని మా అమ్మకి చెప్పు,” అని మెట్ల తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

కోడలు పిల్లని గదిలో పడుకోబెట్టింది. కవర్ టేబుల్ మీద పెట్టింది. గడియారం చూసింది. ఏడు నిమిషాలే అయింది.

లిఫ్టు పైకొస్తున్న చప్పుడు. మూడో అంతస్తు. నాలుగు. ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

కోడలు ఊపిరి బిగబట్టి వింది. పదేళ్ళుగా ఆ వరండాలో వింటున్న చప్పుడు కోసం వింది. ఎడమకాలు కొద్దిగా ఈడ్చే పాత చెప్పుల చప్పుడు.

బూట్ల చప్పుడు ఒక్కటే వస్తోంది.